ఒయ్ద: ‘చూశాను’ అంటే ‘నాకు తెలుసు’ ఎలా అయింది?

వేపచెట్టు
అందరికీ నమస్కారం. పగలంతా జమాఖర్చులు రాసుకొని, రాత్రి పది దాటాక ప్రాచీన గ్రీకు ముందేసుకొని కూర్చునే మనిషిని నేను. గురువు లేరు. ఒక వ్యాకరణం, ఒక నిఘంటువు, కాస్త మొండితనం, అంతే నా పెట్టుబడి. ఏడాదిన్నరకు ప్లేటో దగ్గరికి చేరాను. క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయసభ ముందు సోక్రటీసు చెప్పుకున్న సమాధానం చదువుతున్నాను. ఈ వాక్యం దగ్గర బండి దిగబడి మూడు రాత్రులైంది:

హూతొస్ మెన్ ఒయెతయ్ తి ఎయ్దెనయ్ ఊక్ ఎయ్దోస్, ఎగో దె, హోస్పెర్ ఊన్ ఊక్ ఒయ్ద, ఊదె ఒయొమయ్.

తెలివైనవాడని ఊరంతా అనుకునే ఒక పెద్దమనిషితో మాట్లాడి వస్తూ, దారిలో తనలో తాను అనుకున్న మాట ఇది. భావం అందుతోంది, రూపాలే అందడం లేదు. ‘ఎయ్దెనయ్’, ‘ఎయ్దోస్’, ‘ఒయ్ద’ మూడూ ఒకే క్రియవా? ‘ఒయ్ద’ భూతకాలమని వ్యాకరణం చెబుతుంది, ‘నాకు తెలుసు’ అని వర్తమానంలో అనువదించమంటుంది. నిఘంటువు తెరిస్తే ‘ఎయ్దో’ అనే పదం కింద చూడమంది. ఆ ‘ఎయ్దో’ ఏ వాక్యంలోనూ నాకు తగల్లేదు. చిరునామా దొరికింది కానీ ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదన్నట్టుంది నా పరిస్థితి.

అటకమీదిపెట్టె
వేపచెట్టు గారూ, ఆ ఇంట్లో నిజంగానే ఎవరూ ఉండరు. ‘ఎయ్దో’ నిఘంటుకారులు కట్టిన ఖాళీ ఇల్లు. దాని ముందు చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది, గమనించారా? ‘ఈ రూపం ఎక్కడా కనబడదు, రెండు కుటుంబాలను ఒకచోట చూపించడానికి పెట్టాం’ అని దాని అర్థం.

ఆ రెండు కుటుంబాలలో ఒకటి ‘ఎయ్దొన్’, అంటే చూశాను. రెండోది ‘ఒయ్ద’, అంటే నాకు తెలుసు. ధాతువు ఒక్కటే, చూడటం. ‘ఒయ్ద’ ఆ ధాతువుకు పర్ఫెక్టు రూపం. గ్రీకు పర్ఫెక్టును మన భూతకాలం అనుకుంటే దారి తప్పుతాం. పని ఎప్పుడు జరిగిందన్నది దానికి ముఖ్యం కాదు, జరిగిన పని వల్ల ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నామన్నది ముఖ్యం. చూశాను, కాబట్టి ఇప్పుడు నా దగ్గర ఉంది. అదే తెలుసు.

దీనికి గ్రీకుదాకా పోనక్కర్లేదు. ‘అమ్మ ఏం చేస్తోంది?’ అని అడిగితే ‘పడుకుంది’ అంటాం. రూపం భూతకాలం. కానీ ఇప్పుడు నిద్రలో ఉందనే కదా చెబుతున్నాం. ‘కూర్చున్నాడు’ అంటే ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. ఎదుటివారు విడమరిచి చెప్పాక ‘అర్థమైంది’ అంటాం, ‘అర్థమవుతోంది’ అనం. ‘ఒయ్ద’కు తెలుగులో అతి దగ్గరి చుట్టం ఈ ‘అర్థమైంది’.

ఇక మీ మూడు రూపాలూ ఒకే క్రియవే. ‘ఎయ్దెనయ్’ అంటే తెలిసి ఉండటం. ‘ఎయ్దోస్’ అంటే తెలిసినవాడు, తెలిసి ఉన్న. ‘ఒయ్ద’ అంటే నాకు తెలుసు. ‘ఒయెతయ్’, ‘ఒయొమయ్’ మాత్రం వేరే క్రియ. అనుకోవడం. మొదట్లో నేనూ వీటిని ఒకే గాటన కట్టి చాలా అవస్థ పడ్డాను. ప్లేటో ఆ రెంటినీ కావాలనే పక్కపక్కన పెట్టాడని నా నమ్మకం. తెలియడానికీ తెలుసనుకోవడానికీ మధ్య చెవికి వినిపించే తేడా అంత సన్నం:

‘ఈయన ఏమీ తెలియకుండానే తనకేదో తెలుసనుకుంటున్నాడు. నేనేమో, ఎలాగూ తెలియదు గనుక, తెలుసనీ అనుకోవడం లేదు.’

వేపచెట్టు
మూడు రాత్రులు, మూడు పేరాలు! కృతజ్ఞతలు. అయితే ‘నాకు ఏమీ తెలియదన్నది మాత్రమే నాకు తెలుసు’ అని సోక్రటీసు పేరున గోడలమీద రాసే మాట ఇదేనా?

అటకమీదిపెట్టె
ఆ మాట ఆ రూపంలో ప్లేటోలో ఎక్కడా లేదండీ. ఉన్నది మీరు పైన రాసిన వాక్యమే. గోడమీది మాటలో పొడుపుకథ సొగసుంది. అసలు మాటలో ఉన్నది జాగ్రత్త. నాకు రెండోదే నచ్చుతుంది.

పాతబడిపంతులు
రిటైరైన తెలుగు పండితుణ్ణి. గ్రీకు అక్షరం ముక్క రాదు. మా మనవడు ఈ చర్చ చూపించి ‘తాతయ్యా, ఇది నీ వేదంలా ఉంది’ అన్నాడు. చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

సంస్కృతంలో ‘విద్’ ధాతువుకు ‘వేత్తి’ అనే మామూలు వర్తమాన రూపం ఉంది. దానితోపాటు ‘వేద’ అనే రూపం కూడా ఉంది. ఇక్కడ వేద అంటే గ్రంథం పేరు కాదు, క్రియ. గుడిలో మంత్రపుష్పం విననివారుండరు: ‘యోఽపాం పుష్పం వేద.’ నీటి పుష్పాన్ని ఎవడు ఎరుగునో, అని. చాలామంది అక్కడ వేదాల ప్రస్తావన వచ్చిందనుకుని దండం పెడతారు. పెట్టడంలో తప్పేమీ లేదనుకోండి.

తమాషా ఏమిటంటే, ఈ ‘వేద’కు తగిలే ప్రత్యయాలు వర్తమానానివి కావు, లిట్టువి. లిట్టు అంటే పరోక్ష భూతం. అర్థం మాత్రం వర్తమానం. పాణిని దీన్ని పట్టుకున్నాడు. ‘విదో లటో వా’ అని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. విద్ ధాతువుకు లట్టు, అంటే వర్తమాన ప్రత్యయాల చోట లిట్టు ప్రత్యయాలు వికల్పంగా వస్తాయని. పైగా లిట్టులో ధాతువుకు ద్విత్వం రావాలి, అంటే మొదటి అక్షరం రెండుసార్లు పలకాలి. చకార, జగామ, దదర్శ అన్నట్టు. ఇక్కడ అదీ లేదు. మీ ‘ఒయ్ద’ సంగతేమిటి, ద్విత్వం ఉందా?

అటకమీదిపెట్టె
లేదు పంతులుగారూ! గ్రీకు పర్ఫెక్టుకు కూడా ద్విత్వం ఉండటం మామూలు. ‘లెయ్పో’ వదులుతాను, ‘లెలొయ్ప’ వదిలి ఉన్నాను. ‘ఒయ్ద’కు మాత్రం లేదు. రెండు భాషల్లోనూ ఒకే క్రియ, ఒకే చోట, ఒకే నియమాన్ని తప్పింది. దయచేసి ‘వేద’ రూపాలు వరుసగా రాయరా? పక్కన నావి పెడతాను.

పాతబడిపంతులు
ఏకవచనం: అహం వేద, త్వం వేత్థ, స వేద.
బహువచనం: వయం విద్మ, యూయం విద, తే విదుః.

అటకమీదిపెట్టె
గ్రీకు, అదే వరుసలో:
ఏకవచనం: ఒయ్ద, ఒయ్స్థ, ఒయ్దె.
బహువచనం: ఇస్మెన్, ఇస్తె, ఇసాసి.

మొదట అచ్చులు చూడండి. ఏకవచనంలో ‘వే’, బహువచనంలో ‘వి’. గ్రీకులోనూ ఏకవచనంలో ‘ఒయ్’, బహువచనంలో ‘ఇ’. ఒకే తూకం.

తరువాత మధ్యమ పురుష దగ్గర ఆగండి. వేత్థ, ఒయ్స్థ. ధాతువు చివరి ‘ద’కారం మీద ‘థ’ ప్రత్యయం వచ్చి పడింది. సంస్కృతం ఆ ‘ద’ను ‘త’ చేసి ‘త్థ’ అంది. గ్రీకులో ఒక దంత్యం మీద ఇంకో దంత్యం వస్తే మొదటిది ‘స’ అవుతుంది, కాబట్టి ‘స్థ’. ‘ఇస్తె’లోని సకారమూ అలా వచ్చిందే. ‘ఇస్మెన్’లో మాత్రం దానికి అక్కడ పనిలేదు, పక్కింటి ‘ఇస్తె’ను చూసి తెచ్చుకుంది. గ్రీకు ఆదికవి హోమరు కాలానికి అది ఇంకా ‘ఇద్మెన్’గానే ఉంది. ఒడిస్సీ పన్నెండో కాండలో పాటతో మాయచేసే సైరన్లు నావికులను పిలిచేది ఆ మాటతోనే: ట్రాయ్‌లో జరిగిందంతా మాకు తెలుసు, ‘ఇద్మెన్’. దాన్ని విద్మ పక్కన పెట్టి చూడండి.

ఆ చివరి ‘ఇసాసి’ని మాత్రం విదుః పక్కన నిలబెట్టకండి. ఆ ప్రత్యయం గ్రీకు సొంతంగా చేసుకున్నది.

మ్యూనిక్‌వాసి
ఇక్కడ జర్మన్ తరగతిలో మమ్మల్ని ఏడిపించిన క్రియ ఇదే అయి ఉంటుంది! నాకు తెలుసు: ఇష్ వైస్. అతనికి తెలుసు: ఎర్ వైస్. మామూలు క్రియలకు ‘అతను’ రూపం చివర ‘త్’ వస్తుంది, దీనికి రాదు. బహువచనం వియర్ విస్సెన్. ఏకవచనంలో వై, బహువచనంలో వి. ఎందుకని అడిగితే ‘అది అంతే, కంఠస్థం చేయండి’ అన్నారు.

అటకమీదిపెట్టె
అదే క్రియ. ‘ఎర్ వైస్’ పుట్టుకతో పర్ఫెక్టు, అందుకే వర్తమానపు ‘త్’ తగలలేదు. లాటిన్ మాత్రం ఆ ధాతువును చూపు దగ్గరే ఉంచేసింది. ‘విదేఓ’ అంటే చూస్తున్నాను. మన ఇళ్ళలోని వీడియో అక్కడిదే.

మూలాన్వేషి
ఇంత చెప్పాక అసలు మాట ఎవరూ అనరేమిటి? వేదం ముందు, గ్రీకు తరువాత. వేద అన్న మాటే నోరు తిరగక ఒయ్ద అయింది. గ్రీకు సంస్కృతం నుంచి పుట్టిందని ఒప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

అటకమీదిపెట్టె
మొహమాటం కాదండీ, అచ్చులు ఒప్పుకోవు. మూడు జతలు చూడండి. సంస్కృతం అస్తి, గ్రీకు ఎస్తి. సంస్కృతం అష్టౌ, గ్రీకు ఒక్తో. సంస్కృతం అజతి, అంటే తోలుతాడు, గ్రీకు అగెయ్. సంస్కృతంలో మూడు చోట్లా ‘అ’. గ్రీకులో ఒకచోట ఎ, ఒకచోట ఒ, ఒకచోట అ. మూడు రంగులు కలిసి ఒకటి కావచ్చు. కానీ ఒక్క రంగు చూసి, ఏ చోట ఏది ఉండాలో గ్రీకులు ఎలా కనిపెట్టి విడదీశారు? లాటిన్ కూడా అవే చోట్ల అవే అచ్చులు పలుకుతుంది: ఎస్త్, ఒక్తో, అగిత్. కాబట్టి ఆ తేడా మూలభాషలో ఉండేది, సంస్కృతం కలిపేసుకుంది. ‘వేద’లోని ‘ఏ’ కూడా పాత ‘ఒయ్’ నుంచి వచ్చిందే. ఆ ఒక్క అచ్చు విషయంలో గ్రీకు రూపమే పాతకాలపు మనిషి.

ఇంకోవైపు చూస్తే, మొదటి ‘వ’కారాన్ని పోగొట్టుకున్నది గ్రీకు, నిలుపుకున్నది సంస్కృతం. అక్కాచెల్లెళ్ళలో ఒకరు గాజులు దాచుకుంటే ఇంకొకరు కమ్మలు దాచుకున్నారు. తల్లి ఇప్పుడు లేదు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఈ మాటే అన్నాడు, ఆ మూలభాష బహుశా ఇప్పుడు లేదేమో అని.

మూలాన్వేషి
వకారం పోయిందని మీరు అంటే సరిపోతుందా? రాతలో లేనిదాన్ని ఎలా నమ్మాలి?

అటకమీదిపెట్టె
మంచి ప్రశ్న. రాతలో ఉంది, ఏథెన్సులో కాదు. గ్రీసులోనే బయొషియా అనే ప్రాంతపు శాసనాల్లో ఇదే ధాతువు నుంచి పుట్టిన ‘విస్తోర్’ అనే మాట వకారంతో చెక్కి ఉంది. సాక్షి అని అర్థం. హోమరు రాతలో ఆ అక్షరం లేదు కానీ ఛందస్సులో దాని ఖాళీ ఉంది. మామూలుగా రెండు అచ్చులు ఎదురుపడితే ముందుది లోపించాలి, మన ఉత్వసంధిలో లాగా. ఈ ధాతువుతో మొదలయ్యే మాటల ముందు చాలాచోట్ల అది లోపించదు. మధ్యలో ఎవరో నిలబడి ఉన్నట్టు. ఆ నిలబడ్డది వకారమని 18వ శతాబ్దంలో ఇంగ్లండులో రిచర్డ్ బెంట్లీ అనే పండితుడు పట్టుకున్నాడు.

పంతులుగారూ, మీకిది నచ్చుతుంది. ఆ విస్తోర్ ఏథెన్సు నోట ‘హిస్తోర్’ అయింది. చూసి తెలిసినవాడు, కాబట్టి తగవు తీర్చగలవాడు. ఇలియడ్‌లో అకిలీసు డాలు మీద చెక్కిన బొమ్మల్లో ఒక హత్య పరిహారం గురించి ఇద్దరు తగువులాడుకుంటూ హిస్తోర్ దగ్గరికి పోదామంటారు. గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ తన పుస్తకం మొదటి వాక్యంలో వాడిన ‘హిస్తొరియే’ దాని కూతురు. హిస్టరీ అక్కడి నుంచే.

పాతబడిపంతులు
సాక్షి అన్న సంస్కృత పదమూ అంతే కదండీ. అక్షి ఉన్నవాడు, కళ్ళతో చూసినవాడు. విన్నవాడికి ఆ పేరు లేదు.

ఒక సందేహం. వేపచెట్టు గారి వాక్యంలో ‘ఎయ్దోస్’ అంటే తెలిసినవాడు అన్నారు. మా ‘విద్వాన్’ కూడా సరిగ్గా అదే. శత్రర్థంలో, అంటే ‘చేస్తున్న’ లాంటి అర్థంలో, వసు ప్రత్యయం. దానికీ ద్విత్వం లేదు. స్త్రీలింగం విదుషీ. గ్రీకులో స్త్రీలింగం ఏమిటి?

అటకమీదిపెట్టె
ఎయ్దుయ్య. హోమరులో ఇంకా పాత రూపం ‘ఇదుయ్య’. విదుషీ లోంచి మొదటి వకారం తీసేయండి, రెండు అచ్చుల మధ్య సకారాన్ని జారనివ్వండి, గ్రీకుకు అది మామూలు అలవాటు. మిగిలేది ఇదుయ్య.

పాతబడిపంతులు
విద్వాన్ పట్టా పుచ్చుకుని ముప్ఫైనాలుగేళ్ళు పాఠం చెప్పాను. బడి రిజిస్టరులో నా పేరు పక్కన ఆ మాటే రాసేవారు. దానికి అంత దూరంలో ఒక తోబుట్టువు ఉందని ఇవాళ తెలిసింది. మా ఆవిడకు విదుషి సంగతి చెప్పాను. ‘ముందు కాఫీ తాగండి’ అంది.

ఒలీవకొమ్మ
నేను వేదాంత కళాశాలలో కొత్త నిబంధన గ్రీకు చదువుకున్నాను. మాకు నేర్పిన రూపాలు వేరు: ఒయ్ద, ఒయ్దస్, ఒయ్దెన్, ఒయ్దమెన్, ఒయ్దతె, ఒయ్దసిన్. ఇస్మెన్ అనే రూపం మేము చూడనే లేదు. ఇంకొక మాట. ‘ఒయ్ద’ అంటే దేవుడిచ్చిన సంపూర్ణ జ్ఞానం, ‘గినోస్కో’ అంటే అనుభవంతో వచ్చే జ్ఞానం అని ప్రసంగాల్లో తరచూ వింటాం. అది సరేనా?

అటకమీదిపెట్టె
రూపాల సంగతి సులువు. అలెగ్జాండరు తరువాత గ్రీకు ఊరూరా పాకి అందరి భాష అయింది. పరాయివాళ్ళు నేర్చుకునేటప్పుడు వంకరటింకర రూపాలు చదునైపోతాయి. ‘ఒయ్ద’ అన్న ఒక్క రూపానికే అన్ని ప్రత్యయాలూ తగిలించేశారు. పాతవి అక్కడక్కడ మిగిలాయి. అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయంలో అగ్రిప్ప రాజు ముందు మాట్లాడుతూ పౌలు ‘ఇసాసి’ అంటాడు. రాజుగారి ముందు కాస్త గంభీరమైన భాష అన్నమాట.

జ్ఞానాల తేడా గురించి మాత్రం జాగ్రత్త. పాత ఏథెన్సు భాషలో తేడా ఉంది, అది పవిత్రతది కాదు. ‘గిగ్నోస్కో’, అంటే మీ గినోస్కోకు పాత రూపం, తెలుసుకోవడం, గుర్తుపట్టడం. ‘ఒయ్ద’ తెలిసి ఉండటం. మన ‘తెలుసుకున్నాను’, ‘తెలుసు’ లాగా. డెల్ఫీ గుడిమీది ‘నిన్ను నీవు తెలుసుకో’ అన్న మాటలో ఉన్నది గిగ్నోస్కో. అక్కడ ఒయ్దను పెడితే ‘నిన్ను నీవు ఎరిగి ఉండు’ అవుతుంది, పని అయిపోయినట్టు. కొత్త నిబంధన నాటికి ఆ గీత బాగా చెరిగిపోయింది. యోహాను సువార్త 21వ అధ్యాయం 17వ వచనంలో పేతురు ఒకే ఊపిరిలో రెండూ వాడతాడు. నీకు అన్నీ తెలుసు అన్నచోట ఒయ్దస్, నిన్ను ప్రేమిస్తున్నానని నీకు తెలుసు అన్నచోట గినోస్కెయ్స్. అక్కడ రెండు జ్ఞానాలు వెతికేవారున్నారు. నాకు కనబడేది ఒక మనిషి గొంతు పూడుకుపోవడమే.

ఒలీవకొమ్మ
తెలుగు బైబిలు అనువాదకులకు ఈ ఇబ్బంది తట్టినట్టు లేదు. రెంటికీ ‘ఎరుగు’ వాడి ముందుకు పోయారు. సిలువమీది ‘వీరేమి చేయుచున్నారో వీరెరుగరు’లో ఉన్నది ఒయ్దసిన్. చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్న మాట. ఇప్పుడు దాని కింద ‘వీరు చూడలేదు’ అని వినిపిస్తోంది.

అటకమీదిపెట్టె
అలా వినడం బాగుంటుంది కానీ అనువాదంలో పెట్టకండి. రోజూ వాడేవాళ్ళకు ఒయ్దలో చూపు గుర్తుకొచ్చేది కాదు, ‘అర్థమైంది’ అన్నప్పుడు మనకు ‘అర్థం’ అంటే ధనమని గుర్తురానట్టే. కవులు మాత్రం తవ్వి తీస్తారు. ఈడిపస్‌కు గ్రీకులో ఒయ్దిపూస్ అని పేరు. వాచిన పాదం వాడని అర్థం, ఆ ‘ఒయ్ద్’ వాపుకు సంబంధించిన వేరే ధాతువు. సొఫొక్లీసు నాటకంలో గుడ్డివాడైన జోస్యుణ్ణి ఎగతాళి చేస్తూ ఈడిపస్ తన గురించి తానే అంటాడు: ‘హొ మేదెన్ ఎయ్దోస్ ఒయ్దిపూస్’, ఏమీ తెలియని ఈడిపస్. వ్యంగ్యంగా అన్నాననుకుంటాడు. ఆ ఆట ముగిసేసరికి అది అక్షరాలా నిజమవుతుంది, అతను తన కళ్ళు తానే పొడుచుకుంటాడు.

మ్యూనిక్‌వాసి
ఇది చదివాక భోజనం చల్లారిపోయింది. ఫరవాలేదు.

పాతబడిపంతులు
చిన్న మాట. మీరందరూ గ్రీకును తెలుగు లిపిలో రాస్తుంటే గమనించాను. ఎ ఏ, ఒ ఓ మనకు విడివిడిగా ఉండటం ఎంత కలిసొచ్చిందో! ‘ఎయ్దోస్’, ‘హూతొస్’ పక్కపక్కన తేడాగా నిలబడ్డాయి. నాగరిలో ఈ సుఖం లేదు.

అన్నట్టు, ‘తెలుసు’ మాత్రం ఈ కుటుంబంలోది కాదు. తెలుపు, తెల్లవారు, తేట, ఆ వైపు చూడండి. 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర తెలుగు ధాతువులు సంస్కృతం నుంచి రాలేదని చూపించాడు. విద్య, వేత్త, కోవిదుడు మనం తెచ్చుకున్నవి. తెలుసు మన పెరట్లోది.

వేపచెట్టు
ఐదు రోజుల తరువాత వచ్చాను. ఈ చర్చ మొత్తం నోటుపుస్తకంలోకి ఎక్కించాను. నిన్న మళ్ళీ దిగబడ్డాను, ఈసారి కారణం నా కళ్ళే. సోక్రటీసు చేతిపనివాళ్ళ దగ్గరికి వెళ్ళే చోట ‘తూతూస్ దె గ్ ఏదే’ అని ఉంది. ‘ఏదే’ అంటే ‘అప్పటికే’ కదా అని రాసుకుంటూ పోయాను. వాక్యంలో క్రియ ఎక్కడా దొరకదు! గంటకు కనబడింది, మొదటి అక్షరం కింద చీమ తలకాయంత ఇయోతా, అంటే గ్రీకు ‘ఇ’ అక్షరం. అది క్రియావిశేషణం కాదు, మన ఒయ్దకే భూతకాలం. ‘నాకు తెలుసు, అప్పట్లో.’ చేతిపనివాళ్ళకు మంచి మంచి పనులు వచ్చి ఉంటాయని అతనికి ముందే తెలుసు.

అటకమీదిపెట్టె
భేష్. ఆ ఇయోతా నన్నూ ముంచింది. నా ప్రతిలో అదే చోట ‘ఏదేయ్న్’ అని ఉంది. రెండూ ఒకటే, ‘ఏదే’ పాత ఏథెన్సు రూపం, రెండోది తరువాతది. ఏది ఉంచాలన్నది పరిష్కర్తల తగవు.

ఇంకొకటి ముందే చెప్పి ఉంచుతాను. త్వరలో ‘ఇస్థి’ తగులుతుంది. ‘తెలుసుకో’ అని ఆజ్ఞ. ‘ఉండు’ అనే ఆజ్ఞ కూడా అక్షరం తేడా లేకుండా ‘ఇస్థి’యే. దానికి కింద చీమ తలకాయ కూడా ఉండదు.

వేపచెట్టు
మరి ఎలా పోల్చుకోవాలి?

అటకమీదిపెట్టె
ముందు ‘ఎవ్’ ఉందేమో చూడండి. ‘ఎవ్ ఇస్థి’ అంటే బాగా గుర్తుంచుకో, నిస్సందేహంగా మన క్రియే. పక్కన ‘అని’ అర్థమిచ్చే ‘హొతి’ ఉన్నా మనదే. ఏదీ లేకపోతే ఇక్కడికి వచ్చి అడగండి.